పేరడీ అని రాసుకుంటే కాపీరైట్ అంటదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: జపాన్‌లో పేరున్న యానిమే (జపాన్ యానిమేషన్) పాత్రలతో అభిమానులే 'పెద్దలకు మాత్రమే' పుస్తకాలు గీసి, అందరి ముందూ బల్లలు వేసుకుని అమ్ముతున్నారు. కంపెనీలు కేసులు వెయ్యడం లేదు. కాబట్టి అది చట్టబద్ధమే అయి ఉండాలి. అలాంటప్పుడు విజయవాడలో కూర్చుని మీరూ గీసి, మొదటి పేజీలో 'ఇది పేరడీ మాత్రమే, కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు' అని రాసి, నెలవారీ చందాకు ఆన్‌లైన్‌లో పెడితే ఇబ్బందేముంటుంది? గీయాలనుకుంటున్న సిరీస్‌ల జాబితా కూడా పంపారు, మూడు పోస్టులు ఇప్పటికే పెట్టేశానన్నారు.

నేను లాయర్ని. పబ్లిషర్లకీ గేమ్ కంపెనీలకీ లైసెన్సు కాగితాలు రాస్తాను, నోటీసులు అందుకున్న ఆర్టిస్టుల తరఫున జవాబులూ రాస్తాను. రెండు వైపులా చూసిన మనిషిగా చెబుతున్నాను: జపాన్‌లో మీరు చూస్తున్నది అనుమతి కాదు, ఊరుకోవడం. ఒప్పుకున్నవాడు మాట తప్పితే అడగొచ్చు. ఊరుకున్నవాడు రేపు ఊరుకోకపోతే అడగడానికి మనకు ఏమీ ఉండదు. పైగా మన దేశంలో 'అడల్ట్' అన్న మాట కాపీరైట్‌తో సంబంధం లేని వేరే చట్టాలను వెంటబెట్టుకుని వస్తుంది. అక్కడ జపాన్ కంపెనీ ఊరుకున్నా మీకు ఒరిగేదేమీ లేదు.

ముందు ఆ బల్లల సంగతి. అభిమానులు సొంత ఖర్చుతో అచ్చు వేయించుకునే పుస్తకాలను అక్కడ దోజిన్‌షి అంటారు. అన్నీ అడల్ట్ కావు, అన్నీ వేరేవాళ్ల పాత్రలతో గీసినవీ కావు. రైళ్ల గురించి, వంటల గురించి, పాత కంప్యూటర్ల గురించి కూడా వేస్తారు. కానీ బయటి ప్రపంచానికి తెలిసింది మాత్రం పేరున్న సిరీస్ పాత్రలతో గీసినవే. వీటికి పెద్ద సంత కామిక్ మార్కెట్, ముద్దుగా కామికెట్. 1975 డిసెంబరులో టోక్యోలో 32 బృందాలతో, సుమారు 700 మంది సందర్శకులతో మొదలైంది. 2019 డిసెంబరులో నాలుగు రోజుల పాటు జరిగినప్పుడు వచ్చినవారు ఏడున్నర లక్షలు. 1980ల్లో దీన్ని ఊపేసింది కెప్టెన్ సుబాస, ఆ తర్వాత సెయింట్ సెయ అనే మాంగాల (జపాన్ కామిక్స్) పాత్రలతో ప్రేమకథలు గీసిన అమ్మాయిలు. ఇదంతా మగవాళ్ల వ్యవహారమని మన దగ్గర చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ సంప్రదాయాన్ని నిలబెట్టినవాళ్లలో ఆడవాళ్లు చాలా ఎక్కువ.

ఆ సంతలో అమ్మకం మొదలయ్యే ముందు జరిగే పని ఒకటి చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. ప్రతి బృందమూ తమ కొత్త పుస్తకం కాపీ ఒకటి నిర్వాహకులకు ఇవ్వాలి. బృందం పేరు, బల్ల నంబరు రాసిన చీటీ దానికి అతికించి ఉంటుంది. స్టాఫ్ బల్ల దగ్గరికి వచ్చి పేజీలు తిప్పి చూస్తారు. వాళ్లు చూసేది ఏమిటి? పాత్ర ఎవరిది, అనుమతి ఉందా అన్నది కాదు. అడల్ట్ పుస్తకమైతే చట్టం దాచమన్న భాగాలు సరిగ్గా దాచారా, నల్ల పట్టీ పల్చగా ఉందా, అట్ట మీద పెద్దలకు మాత్రమే అన్న గుర్తు ఉందా, చివరి పేజీలో బృందం పేరు, అచ్చు తేదీ, ప్రెస్సు పేరు ఉన్నాయా అన్నది. దాచడం చాలకపోతే అమ్మకం ఆపేస్తారు. వాళ్ల భయమంతా జపాన్ శిక్షాస్మృతి 175వ సెక్షన్. అది అశ్లీలతకు సంబంధించింది, అందులో పోలీసులు ఎవరి ఫిర్యాదు కోసమూ ఎదురుచూడక్కర్లేదు. కాపీరైట్ విషయం మాత్రం ఆ తనిఖీలోకి రాదు. ఎందుకంటే అది నిర్వాహకులు తేల్చగలిగేది కాదు, అసలు హక్కుదారుడికీ గీసినవాడికీ మధ్య ఉన్న సంగతి.

జపాన్ కాపీరైట్ చట్టం ప్రస్తుత రూపం 1970 నాటిది. అందులో పేరడీకి మినహాయింపు లేదు. బొమ్మను తిరిగి గీయడం, కథను మార్చి కొత్త కృతి చేయడం రెండూ హక్కుదారుడి చేతిలోనే ఉంటాయి. రచయితకు ఇంకో హక్కు కూడా ఉంది: తన కృతిని తన ఇష్టానికి విరుద్ధంగా మార్చకుండా ఆపగలడు. ఈ హక్కును అమ్మడం కుదరదు, రాసినవాడితోనే ఉంటుంది. అంటే పబ్లిషర్ పోనీలే అనుకున్నా, మాంగా గీసినాయనకు కడుపు మండితే ఆయన విడిగా కోర్టుకు వెళ్లొచ్చు. క్రిమినల్ శిక్ష చిన్నదేమీ కాదు, పదేళ్ల వరకూ జైలు, కోటి యెన్ల వరకూ జరిమానా. ఇంత ఉన్నా ఎందుకు ఏమీ జరగదంటే, చాలా కాలం పాటు అక్కడ కాపీరైట్ నేరం మీద హక్కుదారుడు ఫిర్యాదు చేస్తేనే కేసు నడిచేది.

ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో 1999 జనవరిలో తేలింది. పోకెమాన్ పాత్రలతో అడల్ట్ దోజిన్‌షి గీసి పోస్టులో అమ్మిన ఫుకుఓకా మహిళను క్యోటో పోలీసులు అరెస్టు చేశారు. ఫిర్యాదు పోకెమాన్ గేమ్‌ల కంపెనీ నింటెండోది. కేసు అశ్లీలత కింద కాదు, కాపీరైట్ కింద. చివరికి పడింది లక్ష యెన్ల జరిమానా. మొత్తం చూస్తే చిన్నదే, కానీ ఆమె వారాల తరబడి కస్టడీలో ఉంది, అచ్చు వేసిన ప్రెస్సువాళ్లనూ పోలీసులు ప్రశ్నించారు. ఆ రోజు వరకూ 'మమ్మల్నెవరూ ఏమీ అనరు' అనుకున్న వేలమందికి ఒక్కసారిగా చెమటలు పట్టాయి. చిన్నపిల్లల బ్రాండు మీద అడల్ట్ బొమ్మలు వేస్తే కంపెనీ ఓర్పు ఎంత తొందరగా చచ్చిపోతుందో అందరికీ అర్థమైంది.

అదే ఏడాది ఆగస్టులో టోక్యో జిల్లా కోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. కొనామి వారి టోకిమెకి మెమోరియల్ అనే గేమ్‌లో ఫుజిసాకి షియోరి నాయిక. ఒక అభిమాని ఆమెతో అడల్ట్ యానిమేషన్ వీడియో చేసి అమ్మాడు. కొనామి సివిల్ దావా వేసింది. గీత వేరన్న వాదన నిలవలేదు. జుట్టు, రిబ్బను, యూనిఫారం, ముఖకవళికలు కలిపి చూస్తే ఎవరో ఇట్టే తెలిసిపోతోందని కోర్టు తేల్చింది. కాపీతో పాటు, ఆ పాత్రకు కంపెనీ కట్టిన స్వచ్ఛమైన వ్యక్తిత్వాన్ని చెడగొట్టారని కూడా చెప్పింది. నష్టపరిహారం 22 లక్షల యెన్లకు పైగా. నేను ఆర్టిస్టులకు ఎప్పుడూ ముందు చెప్పేది ఈ కేసే, ఎందుకంటే ఇందులో 'అడల్ట్' కావడమే నష్టాన్ని పెంచింది. మామూలు ఫ్యాన్ ఆర్ట్ అయితే అసలు కోర్టు దాకా వచ్చేదా అన్నది అనుమానమే.

అడల్ట్ కాకపోయినా దెబ్బ పడ్డది డోరేమాన్ విషయంలో. ఆ మాంగా సృష్టికర్త ఫుజికో ఎఫ్. ఫుజియో 1996లో చనిపోయారు, డోరేమాన్‌కు ముగింపు రాయకుండానే. 2005లో ఒక అభిమాని ఆ ముగింపును తనే గీసి దోజిన్‌షిగా వేశాడు. కథ బాగుంది, చదివినవాళ్లు ఏడ్చారు. సుమారు 13,000 కాపీలు అమ్ముడుపోయాయి. దోజిన్‌షికి అది చాలా పెద్ద సంఖ్య. అట్ట కూడా షోగకుకాన్ వేసే అసలు పుస్తకాల అట్టను పోలి ఉండటంతో నిజమైన చివరి భాగం అనుకున్నవాళ్లూ ఉన్నారు. షోగకుకాన్ హెచ్చరించింది. 2007లో అతను క్షమాపణ చెప్పి లాభంలో కొంత కట్టాడు. ఇక్కడ కంపెనీని కదిలించినవి రెండు: అమ్మకం హద్దు దాటడం, అసలుదని భ్రమ కలగడం. మీరు ముఖచిత్రం మీద సిరీస్ లోగోను అదే అక్షరాలతో వాడాలనుకుంటే దీన్ని గుర్తుపెట్టుకోండి. లోగోలు సాధారణంగా ట్రేడ్‌మార్కులు, అది మళ్లీ వేరే తలనొప్పి.

ఇంతవరకూ విని జపాన్ కోర్టులు అభిమానుల మీద పగబట్టాయనుకోకండి. రెండో వైపూ ఉంది. 1997 జులైలో పొపాయ్ బొమ్మ వేసిన నెక్‌టై కేసులో జపాన్ సుప్రీంకోర్టు, 'పాత్ర' అనే భావనకు కాపీరైట్ ఉండదని, కాపీరైట్ ఉండేది ఫలానా ఫలానా బొమ్మకేనని చెప్పింది. పైప్ నోట్లో పెట్టుకున్న బలశాలి నావికుడు అనే ఆలోచన ఎవరి సొత్తూ కాదు, కాగితం మీద పడిన గీత మాత్రం సొత్తే. దీని ఫలితం 2020 అక్టోబరులో కనిపించింది. ఒక దోజిన్‌షి రచయిత గీసిన అడల్ట్ పుస్తకాలను ఎవరో ఉచిత వెబ్‌సైటులో దించేశారు. రచయిత దావా వేస్తే సైటువాళ్లు తెలివిగా వాదించారు: 'ఆ పుస్తకమే అక్రమం, వేరేవాళ్ల పాత్రలు దొంగిలించింది, దానికి రక్షణ ఏమిటి?' అని. టోక్యోలోని మేధోసంపత్తి హైకోర్టు ఒప్పుకోలేదు. అసలు మాంగాలో ఏ భాగంలో, ఏ బొమ్మను కాపీ కొట్టారో చూపించకుండా ఉల్లంఘన అనడం కుదరదంది. ఒకవేళ కొంత ఉల్లంఘన ఉన్నా, దోజిన్‌షి రచయిత సొంతంగా చేర్చిన భాగానికి ఆయన హక్కు ఆయనకు ఉంటుందని చెప్పింది. దాదాపు 22 లక్షల యెన్ల పరిహారం ఇప్పించింది.

ఈ తీర్పును పట్టుకుని 'దోజిన్‌షి చట్టబద్ధమైపోయింది' అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. కాలేదు. ఆ కేసులో అసలు మాంగా హక్కుదారుడు కక్షిదారుడే కాడు. దొంగ వచ్చి 'నీ ఇంటి పట్టా సరిగా లేదు, కాబట్టి నేను దోచుకోవచ్చు' అంటే కోర్టు కాదంది, అంతే. స్థలం అసలు యజమాని వచ్చి అడిగితే ఏమవుతుందో ఆ తీర్పు చెప్పలేదు.

2018 చివర్లో మరో మలుపు. పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం అమల్లోకి రావడంతో జపాన్ కాపీరైట్ గడువును 50 నుంచి 70 ఏళ్లకు పెంచింది, కొన్ని నేరాలకు ఫిర్యాదు లేకుండానే కేసు పెట్టే వీలు కల్పించింది. అభిమానుల్లో అప్పుడు వచ్చిన టెన్షన్ అంతా ఇంతా కాదు. ఎవడో గిట్టనివాడు పోలీసులకు ఫోన్ చేస్తే చాలు కదా! అందుకే చట్టాన్ని ఇరుకు చేశారు: లాభం కోసమో హక్కుదారుడికి నష్టం చెయ్యడానికో, అమ్మకంలో ఉన్న కృతిని ఉన్నది ఉన్నట్టు కాపీ కొట్టి, హక్కుదారుడి రాబడిని అన్యాయంగా దెబ్బతీస్తేనే అది వర్తిస్తుంది. సినిమా పైరసీ, మాంగా స్కాన్లు అందులోకి వస్తాయి. మార్చి గీసిన దోజిన్‌షి రాదు, దానికి ఇప్పటికీ ఫిర్యాదు కావాల్సిందే. ఈ విషయంలో గట్టిగా మాట్లాడినవాళ్లలో మాంగా రచయిత అకామత్సు కెన్ ఒకరు. 2013లో ఆయన చొరవతో దోజిన్ మార్క్ అనే గుర్తు వచ్చింది. ఆ గుర్తు ముద్రించిన మాంగాకు అభిమానులు ఈవెంట్లలో కాగితం పుస్తకాలు వేసి అమ్ముకోవచ్చని రచయితే ముందుగా చెప్పేయడం అన్నమాట. డౌన్‌లోడ్‌గా అమ్మడానికి అది పనికిరాదు. మంచి ఆలోచనే, కానీ పెద్దగా వ్యాపించలేదు. 2022లో ఆయన జపాన్ పార్లమెంటు ఎగువసభకు ఎన్నికయ్యారు.

మరి కంపెనీలు ఎందుకు ఊరుకుంటున్నాయి? దయ వల్ల కాదు. దోజిన్‌షి కొనేవాడు అసలు మాంగా, బ్లూరే, బొమ్మలు అన్నీ కొనేవాడే. అతన్ని కోర్టుకీడిస్తే సొంత ఖాతాదారుణ్ని కొట్టుకున్నట్టే. రేపటి రచయితలు కూడా ఆ బల్లల వెనకే కూర్చుని ఉంటారు. పేరున్న మాంగా బృందం క్లాంప్ దోజిన్‌షి బృందంగా మొదలైందే, మాంగా రచయిత్రి యోషినాగ ఫుమి స్లామ్ డంక్ అనే మాంగా పాత్రలతో దోజిన్‌షి గీసినావిడే. పైగా ఒకసారి రాతపూర్వకంగా 'సరే' అంటే అడల్ట్ వాటికి కూడా సరే అన్నట్టవుతుంది. పిల్లల చానెల్‌కు, టూత్‌పేస్టు కంపెనీకి అదే పాత్రను లైసెన్సు ఇచ్చినవాళ్లు ఆ మాట ఎలా అంటారు? అందుకే చూడనట్టు ఉండటమే వాళ్లకు లాభం. నేను కంపెనీ తరఫున కూర్చున్నప్పుడు కూడా ఇదే సలహా ఇస్తాను: రాసి ఇవ్వకండి, అన్నిటి మీదా విరుచుకుపడనూ వద్దు.

అభిమానులకూ ఇది బాగా తెలుసు. జపాన్‌లో చాలామంది ఆర్టిస్టులు పాత్రల పేర్లను పూర్తిగా రాయరు. మధ్యలో ఒక చుక్కో గీతో పెడతారు, ముద్దుపేర్లు వాడతారు. కంపెనీవాళ్లు, గొంతు ఇచ్చిన నటులు, చిన్నపిల్లలు పేరు కొట్టి వెతికితే ఈ బొమ్మలు ఎదురుపడకూడదని. అసలు రచయితను ట్యాగ్ చెయ్యడం మహా తప్పు. తక్కువ కాపీలు వేస్తారు, అయిపోతే అయిపోయినట్టే. అసలు బొమ్మ మీద కాగితం పెట్టి గీసినవాణ్ని తోటివాళ్లే తరిమేస్తారు. మీ ప్రణాళిక చూడండి: ట్యాగులతో ప్రచారం, ఎప్పటికీ అందుబాటులో ఉండే ఫైళ్లు, నెలనెలా చందా. వాళ్లు ఊరుకునేలా చేసే పద్ధతుల్లో ఒక్కటీ మీ దగ్గర లేదు.

ఇప్పుడు కొన్ని సంస్థలు నియమాలు రాసి పెడుతున్నాయి. తోహో ప్రాజెక్ట్ గేమ్‌లకు, హత్సునే మికు అనే కంప్యూటర్ గాయని పాత్రకు అభిమానుల సృష్టి కోసం బహిరంగ నియమాలున్నాయి. ఉమా ముసుమే గేమ్ విషయంలో దాని తయారీ కంపెనీ సైగేమ్స్ లైంగిక, హింసాత్మక చిత్రణ వద్దని స్పష్టంగా చెప్పింది. ఎందుకంటే ఆ పాత్రలకు పేర్లిచ్చినవి నిజమైన పందెపు గుర్రాలు, వాటికి యజమానులున్నారు. వాళ్లకు కోపం వస్తే గేమ్‌లోంచి పేరే పోతుంది. అభిమానులు చాలావరకూ ఈ మాట పాటించారు. ఇలా రాసి ఉన్న చోట 'నాకు తెలియదు' అనే మాట చెల్లదు.

ఇక పేరడీ వాదన. మనకు పేరడీ అనగానే జరుక్ శాస్త్రి శ్రీశ్రీ కవితలను ఆటపట్టించడం గుర్తొస్తుంది. మూలాన్ని చూసి నవ్వించడమే అక్కడ పని. అమెరికా చట్టం రక్షించేది కూడా దాదాపు ఆ రకాన్నే. 1994లో క్యాంప్‌బెల్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, మూలం మీదే వ్యాఖ్యానించే పేరడీకి న్యాయమైన వాడుక (ఫెయిర్ యూజ్) కింద చోటు ఉంటుందని చెప్పింది. మూలాన్ని కేవలం జనాన్ని పిలవడానికి వాడుకుంటే ఆ వాదన బలహీనమవుతుంది. మీ ప్రశ్నకు ఇంకా దగ్గరగా ఉన్నది ఎయిర్ పైరేట్స్ కేసు. 1971లో డాన్ ఓనీల్ బృందం మిక్కీ మౌస్‌తో డ్రగ్స్, శృంగారం కలిపిన కామిక్ రెండు సంచికలు తెచ్చింది. డిస్నీ మర్యాదను వెక్కిరించడమే వాళ్ల ఉద్దేశం, అది నిజమైన వ్యంగ్యమే. అయినా 1978లో అప్పీల్ కోర్టు డిస్నీ వైపే నిలబడింది: గుర్తుపట్టించడానికి అవసరమైన దానికన్నా ఎక్కువే కాపీ కొట్టారని. వెక్కిరింపు ఉన్నవాళ్లకే అలా అయితే, పాత్రలను ఉన్నట్టే దించి పడకగదిలో పెట్టే పుస్తకం పేరడీ అని చెప్పడం చాలా కష్టం.

మన 1957 కాపీరైట్ చట్టంలోనూ పేరడీ అనే మాట లేదు. 52వ సెక్షన్ సొంత వాడకం, విమర్శ, సమీక్ష, వార్తల కోసం న్యాయమైన వాడుకను ఒప్పుకుంటుంది. 1996లో కేరళ హైకోర్టు తోప్పిల్ భాసి నాటకానికి జవాబుగా సివిక్ చంద్రన్ రాసిన ప్రతినాటకాన్ని ఆపడానికి ఒప్పుకోలేదు. పాత్రలూ సంభాషణలూ తీసుకున్నా, అది మూల నాటకపు రాజకీయాలను విమర్శించడానికేనని చూసింది. ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, మూలంతో పోటీ పడుతుందా అన్నవి ఆ కోర్టు తూకపు రాళ్లు. మీ పుస్తకం సిరీస్‌ను ఏ విషయంలో విమర్శిస్తోందో రెండు వాక్యాల్లో చెప్పగలిగితే ఈ దారిలో ఆశ ఉంది. చెప్పలేకపోతే లేదు. జపాన్ కృతులకు మన దేశంలో పూర్తి రక్షణ ఉంటుంది, కాపీరైట్ మీద దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉన్నాయి. రచయిత పరువుకు భంగం కలిగేలా కృతిని వికృతం చేస్తే 57వ సెక్షన్ విడిగా ఉంది.

మీ మొదటి పేజీ వాక్యం గురించి ఒక మాట. 'ఉల్లంఘించే ఉద్దేశం లేదు, హక్కులన్నీ ఫలానా కంపెనీవే' అని రాస్తే రక్షణ వస్తుందని చాలామంది నమ్మకం. క్రిమినల్ బాధ్యత చెప్పే 63వ సెక్షన్‌లో కీలకమైనది 'తెలిసి' చెయ్యడం. హక్కు వేరేవాళ్లదని మీకు తెలుసని మీ చేతులతో మీరే రాసి, సంతకం పెట్టి ఇస్తున్నారు. ఆ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు ఉంది, 2022లో సుప్రీంకోర్టు అది నాన్ బెయిలబుల్ అని తేల్చింది. ఉచితంగా పెట్టినా ఉల్లంఘన ఉల్లంఘనే, పరిహారం లెక్క మాత్రం తగ్గుతుంది. చందా అయితే లెక్క సులభం, ఎంత వచ్చిందో ప్లాట్‌ఫారమే చెబుతుంది.

జపాన్ కంపెనీ విజయవాడ దాకా వస్తుందా అన్నారు. పదేళ్ల క్రితమైతే నేనూ తేలిగ్గా తీసుకునేవాణ్ని. ఇప్పుడు డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్ అనే యానిమే సినిమా 2025 సెప్టెంబరులో మన థియేటర్లలో తెలుగు డబ్బింగుతో కూడా ఆడింది. ఇక్కడ డబ్బు ఉన్నప్పుడు ఇక్కడ లాయర్లూ ఉంటారు.

అయితే నిజంగా మీరు భయపడాల్సింది ఆ కంపెనీకి కాదు. అమ్మడానికో పంచడానికో అశ్లీల వస్తువు తయారు చేస్తే భారతీయ న్యాయ సంహిత 294, ఆన్‌లైన్‌లో పెడితే ఐటీ చట్టం 67, లైంగిక చర్య స్పష్టంగా ఉంటే 67ఎ. చివరిదానికి మొదటిసారే ఐదేళ్ల వరకూ జైలు, పది లక్షల వరకూ జరిమానా. బొమ్మ కదా, మనిషి కాదు కదా అంటే ఆ సెక్షన్లు ఫోటోకీ గీతకీ తేడా పెట్టలేదు. అశ్లీలతను నేటి సమాజ ప్రమాణాలతో, మొత్తంగా చూసి కొలవాలని 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ప్రతి నగ్నచిత్రమూ నేరం కాదు. కానీ 'పెద్దలకు మాత్రమే' అని గుర్తు పెట్టి, లైంగిక చర్యనే అమ్మకపు సరుకుగా చూపించాక ఆ వాదన ఎంత నిలుస్తుందో మీరే ఊహించండి. ఇక్కడ ఫిర్యాదు చెయ్యడానికి హక్కుదారుడు అక్కర్లేదు. మీ పక్కింటాయన చాలు.

దీనికన్నా గట్టిగా చెప్పాల్సింది ఇంకొకటి. పేరున్న యానిమేల్లో చాలా పాత్రలు స్కూలు పిల్లలు. పద్దెనిమిది నిండని పాత్రను లైంగికంగా చూపించే డిజిటల్ బొమ్మ గీయడమే కాదు, వెతకడం, దింపుకోవడం, పంచడం కూడా 67బి కిందికి వస్తుంది. 'కథలో ఆమెకు అయిదొందల ఏళ్లు', 'నా వెర్షన్‌లో పెద్దయింది' అనే మాటలు చూడటానికి పిల్లలా ఉన్న బొమ్మ ముందు పనిచెయ్యవు. చట్టం సంగతి పక్కన పెట్టినా అది గీయకూడనిది. ఈ రకం పనికి నా దగ్గర సలహా అడిగితే ఆపండి అన్న ఒక్క మాటే వస్తుంది. మీరు పంపిన జాబితాలో నాలుగు సిరీస్‌లు హైస్కూలు కథలే, వాటిని ఈ రోజే తీసెయ్యండి.

జపాన్ నుంచి పుస్తకాలు తెప్పించుకోవడం గురించీ అడిగారు. అశ్లీల సాహిత్యం దిగుమతిని నిషేధించే కస్టమ్స్ నోటిఫికేషన్ 1964 నుంచే ఉంది. పార్సిల్ తెరిస్తే సరుకు పోతుంది, ప్రశ్నలు మిగులుతాయి.

ఆచరణలో ముందుగా వచ్చేది కోర్టు సమన్లు కాదు, ప్లాట్‌ఫారం నుంచి ఈమెయిల్. అమెరికా సైటైతే 1998 నాటి డీఎంసీఏ అనే అక్కడి డిజిటల్ కాపీరైట్ చట్టం కింద మీ పోస్టు తీసేస్తారు. కౌంటర్ నోటీసు ఇవ్వచ్చు అని కింద ఒక లింకు ఉంటుంది. కోపంలో దాన్ని నొక్కకండి. అందులో మీ అసలు పేరు, చిరునామా ఇవ్వాలి, పొరపాటున తీసేశారని ప్రమాణపూర్వకంగా చెప్పాలి, అమెరికా ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకోవాలి. మారుపేరుతో గీస్తున్న మనిషి తన చిరునామాను కంపెనీ లాయర్‌కు తనే పంపినట్టు. మన దేశపు సైటైతే 36 గంటల్లో తీసేసి, ఫిర్యాదుదారుడు కోర్టు ఆదేశం తెచ్చుకోవడానికి 21 రోజులు ఆగుతారు. ఆ మూడు వారాల్లో మాట్లాడుకుని ముగించడం తేలిక. ఇదేమీ రాకపోయినా డబ్బు దారి మూసుకుపోవచ్చు. 2024లో జపాన్‌లోని పెద్ద దోజిన్ అమ్మకపు సైటు డీఎల్‌సైట్‌లోనే వీసా, మాస్టర్‌కార్డ్ చెల్లింపులు ఆగిపోయాయి. వాళ్లకే తప్పనిది మీ చందా పేజీకి తప్పుతుందా?

మీ గీత బాగుంది, అందుకే ఇంత రాశాను. యానిమే శైలి ఎవరి సొత్తూ కాదు, కళ్లు ఎంత పెద్దవిగా గీసినా ఎవరూ అడగరు. సొంత పాత్రలు, అందరూ పెద్దవాళ్లే అని కథలోనే తెలిసేలా, లైంగిక చర్య చూపించని ప్రేమకథగా మలిచారనుకోండి, ఒక్క కాపీరైట్ ప్రశ్న కూడా మిగలదు, పైగా హక్కులు మీవవుతాయి. పేరున్న పాత్రలే కావాలంటే, అడల్ట్ కాని ఫ్యాన్ ఆర్ట్‌కు పరిమితమై, ముందు ఆ సిరీస్ అధికారిక సైటులో అభిమానుల సృష్టి గురించిన నియమాల పేజీ ఉందేమో చూడండి. చాలావాటికి జపనీస్‌లోనే ఉంటుంది, అనువాదం పెట్టుకుని చదివినా సరిపోతుంది. తేదీతో స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, వాళ్లు ఆ పేజీని ఎప్పుడైనా మార్చవచ్చు. ఇప్పటికే పెట్టిన ఆ మూడు పోస్టులను, ఎవరూ అడగకముందే, చందాదారులకు డబ్బు తిరిగిచ్చి తీసెయ్యండి.